1:6 ఎక్స్‌ట్రా 300ఎస్, గ్రాముల లెక్కతో: ప్రాజెక్టు డైరీ

ఎక్స్‌ట్రా 300ఎస్ విమానానికి ఆరో వంతు సైజులో, రిమోట్‌తో ఎగిరే మోడల్ కట్టాం. ప్లాన్ ఎంపిక, సామాన్ల కొనుగోలు వదిలేసి కత్తి పట్టిన దగ్గర్నుంచి రాస్తున్నాం. ప్రతి దశ చివరా అప్పటిదాకా అయిన బరువు, గంటలు ఉంటాయి. ఇదే మోడల్ కట్టాలనుకునేవాళ్లు ముందు 3వ దశ, 5వ దశ చదివి, ఆ తర్వాత మొదటికి రండి. మాకు ఎక్కువ పని పెట్టినవి ఆ రెండే.

కొలతలు

ఎక్స్‌ట్రా 300 జర్మనీలో వాల్టర్ ఎక్స్‌ట్రా రూపొందించిన ఏరోబాటిక్ (గాల్లో విన్యాసాలు చేసే) విమానం. తొలిసారి ఎగిరింది 1988 మేలో. దాన్ని ఒంటి సీటుకి మార్చి, రెక్కల విస్తారం అర మీటరు తగ్గించి, ఎయిలరాన్ల (విమానాన్ని పక్కకి దొర్లించే రెక్క వెనకంచు పలకలు) బలం పెంచగా 1992లో వచ్చింది 300ఎస్. రెక్క బాడీకి సరిగ్గా నడుమ ఉంటుంది. పైకి వంపు లేదు, రిబ్ (రెక్కకి ఆకారమిచ్చే అడ్డ పలక) ఆకారం పైనా కిందా ఒకటే. తిరగేసి ఎగిరినా నిటారుగా ఎగిరినా ఒకేలా ఉండాలని ఈ ఏర్పాటు. మోడల్ కట్టేవాడికి దీనివల్ల ఒక చిక్కుంది: రిబ్ అడుగు చదునుగా ఉండదు కాబట్టి బల్ల మీద పరిచి రెక్క కట్టడం కుదరదు.

- విస్తారం: అసలు 7.5 మీ., మోడల్ 1250 మి.మీ.
- పొడవు: అసలు 6.65 మీ., మోడల్ 1108 మి.మీ.
- రెక్క వైశాల్యం: అసలు 10.44 చ.మీ., మోడల్ 29 చ.డె.మీ. (పొడవు ఆరో వంతైతే వైశాల్యం 36వ వంతు)
- రిబ్ మందం (దాని పొడవులో): మొదట్లో 15 శాతం, కొసన 12 శాతం
- లక్ష్యంగా పెట్టుకున్న బరువు: బ్యాటరీతో కలిపి 1600 గ్రా.
- సీజీ, అంటే తూకం నిలవాల్సిన చోటు: రెక్క బాడీని కలిసే దగ్గర ముందంచు నుంచి 92 మి.మీ. వెనక. సగటు కార్డ్‌లో (రెక్క ముందంచు నుంచి వెనకంచు దాకా ఉండే సగటు వెడల్పులో) 31 శాతం.

ఇంకో అంకె గోడ మీద రాసి పెట్టుకోవాలి. సీజీ నుంచి తోక దూరం దాదాపు 600 మి.మీ., బ్యాటరీ దూరం 210 మి.మీ. తోకలో ఒక గ్రాము పెరిగితే దాన్ని సరితూచడానికి ముక్కులో దాదాపు మూడు గ్రాములు కావాలి. డైరీలో ముందుకెళ్లే కొద్దీ ఈ మూడింతల లెక్కే మళ్లీ మళ్లీ వస్తుంది.

దశ 1: బాడీ

మొదట కట్టిన బాడీ అరటికాయలా వంగింది. ముక్కు నుంచి తోక దాకా నడిమి గీత మీద దారం లాగి చూస్తే తోక దగ్గర 4 మి.మీ. ఎడమకి జరిగి ఉంది. ఫార్మర్లు (బాడీకి అడ్డంగా నిలిచే చట్రాలు) సరిగ్గానే ఉన్నాయి. తప్పు పొడుగు పుల్లలది. ఒకే కట్టలోంచి తీసిన 6×6 మి.మీ. బాల్సా (చాలా తేలికైన చెక్క) పుల్లల్లో ఒకటి 5.1 గ్రా., ఇంకొకటి 7.8 గ్రా. తూగాయి. మెత్తని పుల్ల తేలిగ్గా వంగుతుంది, గట్టిది ఎదురు నిలుస్తుంది. రెండు పక్కలనీ తోక దగ్గర దగ్గరకి లాగేసరికి బాడీ మొత్తం ఒక వైపుకి తిరిగిపోయింది.

రెండోసారి చేసిన పద్ధతి:

1. పుల్లలన్నీ తూచి, బరువు పెన్సిల్‌తో వాటి మీదే రాయండి. ఎడమకీ కుడికీ అర గ్రాము తేడాలోపు జతలు కలపండి.
2. పక్కలు రెండూ ఒకదాని మీద ఒకటి, మధ్యలో ప్లాస్టిక్ కాగితం వేసి కట్టండి.
3. రెక్క కిందుండే రెండు ఫార్మర్లని ముందు మూలమట్టంతో నిలబెట్టి, తెల్ల జిగురుతో అతికించి రాత్రంతా వదిలేయండి.
4. తోక వైపు లాగేటప్పుడు ప్రతి ఫార్మర్ దగ్గరా దారం చూడండి. 1 మి.మీ. తేడా కనిపిస్తే అక్కడే ఆగండి. ఇప్పుడు సరిచేయకపోతే ఇక చేయలేరు.

మోటారు కూర్చునే ఫైర్‌వాల్ 3 మి.మీ. బిర్చ్ ప్లై, రెండు పొరలు. సైనో (క్షణాల్లో పట్టే) జిగురుతో అతికించిన మొదటి ఫైర్‌వాల్ చేత్తో గట్టిగా లాగితే పటుక్కున ఊడింది. సైనో ఆరాక పెళుసు, మోటారు అదురుకి నిలవదు. ఇప్పుడు అరగంటలో గట్టిపడే ఎపాక్సీ జిగురు, లోపలి మూలల్లో ముక్కోణపు బాల్సా, పక్కల నుంచి 8 టూత్‌పిక్‌లు మేకుల్లా దిగ్గొట్టి ఉన్నాయి. మోటారుకి కుడి వైపు 2 డిగ్రీల వాలు ఇక్కడే ఇచ్చేశాం. తర్వాత వాషర్లతో తంటాలు పడితే స్పిన్నర్‌కీ (ప్రొపెల్లర్ ముందుండే శంకువు) కౌలింగ్‌కీ (మోటారు మీది తొడుగు) మధ్య సందు వంకరగా కనిపిస్తుంది.

*బాడీ 238 గ్రా. గంటలు: 31 (పారేసిన బాడీకి పోయిన 11తో కలిపి).*

దశ 2: రెక్కలు

ఒక్కో రెక్కకి 12 రిబ్‌లు, నడుమ ఎడం 52 మి.మీ. మొదటి రిబ్ 296 మి.మీ., కొస రిబ్ 154 మి.మీ. ఒక్కో మెట్టుకి 12.9 మి.మీ. తగ్గుతుంది. రిబ్‌లు 2 మి.మీ. బాల్సా, మొదటి రెండు మాత్రం 3 మి.మీ. లైట్ ప్లై. స్పార్‌లకి (రెక్క పొడవునా సాగే దూలాలు) 6×6 గట్టి బాల్సా మీద 3 మి.మీ. కార్బన్ పట్టీ. రెక్కల్ని కలిపేది 16 మి.మీ. కార్బన్ గొట్టం.

అడుగు చదునుగా లేదు కాబట్టి ప్రతి రిబ్‌కీ రెండు బెజ్జాలు పెట్టి, రెండు 8 మి.మీ. అల్యూమినియం గొట్టాలకి గుచ్చి కట్టాం. జిగ్‌గా, అంటే కట్టేటప్పుడు తిన్నగా పట్టి ఉంచే అమరికగా, ఇది చవక, సరిపోతుంది కూడా, గొట్టాలు తిన్నగా ఉంటే. మావాటిలో ఒకటి 1.5 మి.మీ. వంగి ఉంది, ముందు చూసుకోలేదు. వంటగట్టు గ్రానైట్ మీద దొర్లిస్తే అర నిమిషంలో తెలిసేది.

ఆ వంపుకి తోడు షీటింగ్ (రిబ్‌ల మీద పల్చటి బాల్సా షీట్ అతికించడం) తప్పు కూడా కలిసింది. పైన 1.5 మి.మీ. షీట్‌ని తెల్ల జిగురుతో అతికించి, కింద షీట్ మర్నాడు వేద్దామని ఆపాం. జిగురులోని నీటికి బాల్సా ఒక పక్క ఉబ్బి ముడుచుకుంది, రెక్క మెలి తిరిగింది. డిజిటల్ కోణమాపకం పెడితే కొసన 0.9 డిగ్రీలు, అంటే వెనకంచు 2.5 మి.మీ. పైకి. చూపుకి ఏమీ తెలియదు. గాల్లో మాత్రం ప్రతి లూప్‌లోనూ విమానం ఒక పక్కకి దొర్లుతుంది.

ముందుభాగం పెట్టెలా మూసేశాక మెలిని ఇస్త్రీ పెట్టెతో తీయలేం. అడుగు షీట్‌ని నాలుగో రిబ్ నుంచి తొమ్మిదో రిబ్ దాకా బ్లేడుతో చీల్చి, రెక్కని ఎదురు మెలితో బల్లకి బిగించి, చీలికలో కొత్త పట్టీ పెట్టి సైనోతో మూశాం. 5 గ్రా. పెరిగింది. మెలి 0.2 డిగ్రీలకి దిగింది. అక్కడితో ఆపేశాం. రెండో రెక్కకి పైనా కిందా షీట్లు ఒకే పూట, జిగ్‌లో ఉండగానే వేస్తే 0.1 వచ్చింది. వానాకాలంలో కట్టేవాళ్లు బాల్సాని ముందు రెండు రోజులు బల్బు వేసిన అల్మారాలో ఉంచుకుంటే మేలు.

*రెక్కలు రెండూ 262, గొట్టం 28. మొత్తం 528 గ్రా. గంటలు: 74.*

దశ 3: తోక

ఇక్కడ స్కేలు మోజు దెబ్బతీసింది. అచ్చు అసలులా మందంగా, గుండ్రటి అంచులతో కనిపించాలని 6 మి.మీ. నిండు బాల్సా పలకలు కోశాం. 118 గ్రా. వచ్చింది. చేతిలో తేలికే. మూడింతల లెక్కలో పెట్టి చూస్తే ముక్కులో 350 గ్రా. అడుగుతోంది.

పలకలకి బెజ్జాలు పెట్టి చూశాం. 104కి మించి దిగలేదు, పైగా ఎలివేటర్ (ముక్కుని పైకీ కిందికీ తిప్పే తోక పలక) మెత్తబడి మెలి తిరిగింది. పారేశాం. కొత్త తోక ఇలా:

1. అంచులు 6×10 గట్టి బాల్సా, లోపల 3×6 పుల్లలు ఐమూలగా. నిలువు పుల్లలు మెలికి ఎదురు నిలవవు. ఐమూల పుల్లలు నిలుస్తాయి.
2. ఎలివేటర్ రెండు సగాల్ని కలిపేది 4 మి.మీ. కార్బన్ కడ్డీ. 2 మి.మీ. స్టీలు తీగతో ప్రయత్నిస్తే ఒక సగం 2 డిగ్రీలు వెనకబడింది.
3. హారన్ (పలకని కదిపే కడ్డీ తగిలించే కొమ్ము) బిగించే చోట మాత్రమే 1 మి.మీ. ప్లై.

బరువు 81 గ్రా. 37 గ్రాములు తగ్గింది, ముక్కు లెక్కలో అది 110.

అమరిక: రెక్క 0, తోక 0. ముక్కు నడిమి మేకు నుంచి తోక రెండు కొసలకీ దారంతో కొలిచి తేడా 1 మి.మీ. లోపు వచ్చాకే ఎపాక్సీ.

*మొత్తం 609 గ్రా. గంటలు: 95.*

దశ 4: కౌలింగ్, చక్రాలు

థర్మోకోల్ దిమ్మ చెక్కి, దాని మీద పాకింగ్ టేపు చుట్టి, గ్లాస్ గుడ్డ మూడు పొరలు, రెజిన్ బ్రష్‌తో పూస్తే 96 గ్రా. రెండోసారి రెండు పొరలే వేసి, టిష్యూ కాగితంతో అద్ది అదనపు రెజిన్ పీల్చేస్తే 49 గ్రా. ముక్కు బరువు ఎలాగూ కావాలి కదా, 96దే ఉంచేద్దామన్న వాదన వచ్చింది. ఒప్పుకోలేదు. ముక్కులో బరువు అవసరమైతే బ్యాటరీని జరుపుకోవచ్చు, కౌలింగ్‌ని జరపలేం.

గాలి లోపలికి వచ్చే రంధ్రాల కంటే బయటికి పోయే దారి పెద్దదిగా ఉండాలి. మొదట రెండూ సమానంగా పెడితే 3 నిమిషాల పరుగు తర్వాత ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని నియంత్రించే పరికరం) 78 డిగ్రీలు. కింద వెనక అంచుని 25 మి.మీ. కోసేశాక 56.

చక్రాల కాళ్లు కార్బన్, బూట్లతో కలిపి 96 గ్రా. బూట్లకి లోపల ప్లై రేకు లేకపోతే గడ్డిలో మొదటి దిగుటకే చీలతాయి. తోక చక్రం 13 గ్రా. దొరికిన వాటిలో అదే తేలిక.

*మొత్తం 767 గ్రా. గంటలు: 118.*

దశ 5: విద్యుత్ సామాను, మొదటి తూకం

మోటారు 3542 సైజు, 1000 కేవీ (వోల్టుకి నిమిషానికి 1000 చుట్లు), బిగింపుతో 142 గ్రా. ఈఎస్‌సీ 60 ఆంపియర్లది, 64 గ్రా. ప్రొపెల్లర్, స్పిన్నర్ 54. రిసీవర్, వైర్లు 27. సర్వోలు (పలకల్ని కదిపే చిన్న మోటార్లు) నాలుగు 80. బ్యాటరీ 4ఎస్ (వరసగా నాలుగు సెల్స్) 2600 ఎంఏహెచ్, బరువు 292.

ప్రొపెల్లర్ 13×6.5 అంగుళాలది పెడితే మీటరు 58 ఆంపియర్లు చూపించింది. 60 ఆంపియర్ల ఈఎస్‌సీకి అది ఊపిరాడని చోటు. 12×6కి 47.8 ఆంపియర్లు, 14.6 వోల్టులు, అంటే 698 వాట్లు. ఈ బరువుకి నిట్టనిలువుగా ఎక్కడానికి చాలు.

ఎలివేటర్, రడ్డర్ (ముక్కుని ఎడమకీ కుడికీ తిప్పే నిలువు తోక పలక) సర్వోలు మొదట తోకలోనే పెట్టాం. కడ్డీ పొట్టిగా, ఆట లేకుండా ఉంటుందని అలా చాలామంది చేస్తారు. పైన ఇస్త్రీతో అతికే ప్లాస్టిక్ ఫిల్మ్, కాక్‌పిట్ ఇంకా లేవు కాబట్టి వాటి బరువు అంచనా వేసి బదులుగా నాణేలు అతికించాం. 2011లో మొదలైన వరసలోని 5 రూపాయల బిళ్ళ (2019లో వచ్చిన కొత్త వరసది కాదు) సరిగ్గా 6 గ్రాములు తూగుతుంది, ఇంతకన్నా అందుబాటులో ఉండే తూకపురాయి లేదు. 27 బిళ్ళలు, 162 గ్రా.: తోకకి 2, మిగతావి బాడీ, రెక్కలు, కనోపీ (పైలట్ మీది పారదర్శక కప్పు) చోట్ల.

మొత్తం 1598 గ్రా. సీజీ 104 దగ్గర నిలిచింది. 12 మి.మీ. వెనక.

లెక్క మొత్తం రాస్తున్నాం, ఏ మోడల్‌కైనా పనికొస్తుంది:

1. సరిచేయాల్సింది: 1598 × 12 = 19176 గ్రా.మి.మీ.
2. 40 గ్రా. సర్వోలు రెండూ తోక నుంచి కనోపీ కిందికి, 420 మి.మీ. ముందుకి: 16800 లాభం.
3. కొత్తగా ఎలివేటర్‌కి పొడుగు కార్బన్ కడ్డీ 10 గ్రా., రడ్డర్‌కి రెండు వైపులా లాగే తీగలు 4 గ్రా. వాటి నడిమి దూరం 270 మి.మీ. వెనక: 3780 నష్టం.
4. మిగిలింది 6156. బ్యాటరీ 292తో భాగిస్తే 21 మి.మీ. ముందుకి.

ట్రే 40 మి.మీ. పొడవు వదిలి ఉంచాం కాబట్టి సీసం అవసరం రాలేదు. సీసంతో సరిచేసి ఉంటే ఆ చోట దాదాపు 90 గ్రా. పట్టేది.

పొడుగు కడ్డీకి కొత్త తగులాటం ఒకటి. చేత్తో ఎలివేటర్ నొక్కితే కడ్డీ మధ్యలో విల్లులా వంగింది. 200 మి.మీ. కొకటి చొప్పున ప్లై ముక్కలకి బెజ్జం పెట్టి, స్ట్రా ముక్క తొడిగి కడ్డీని ఆనిస్తే ఆగింది.

*లింకేజీలు (సర్వోలని పలకలకి కలిపే కడ్డీలు, తీగలు) 24. నాణేలు తీసేస్తే మొత్తం 1450 గ్రా. గంటలు: 141.*

దశ 6: ఫిల్మ్

ఇస్త్రీ వేడి మీరు కొన్న ఫిల్మ్ మీద రాసిన ప్రకారం పెట్టండి. పెట్టె చూపే అంకెని నమ్మకుండా వృథా ముక్క మీద పరీక్షించండి. మా పెట్టె 15 డిగ్రీలు ఎక్కువ చెబుతోంది.

షీటింగ్ మీద బుడగలు వచ్చాయి. కారణాలు రెండు: గరుకు కాగితం దుమ్ము, గాలి పోయే దారి లేకపోవడం. దుమ్ముకి స్పిరిట్ తడిపిన గుడ్డ. గాలికి, నడుమ నుంచి అంచులకి ఇస్త్రీ చేస్తూ మొండి బుడగల్ని సన్న సూదితో పొడవడం. రంగు మీద రంగు షీటింగ్ పైన 8 మి.మీ. మించి ఎక్కించకండి.

వరస: తోక, రెక్క అడుగు, రెక్క పైభాగం, బాడీ అడుగు, పక్కలు, పైన. అతుకులు కిందికే పోతాయి. ఫిల్మ్ బిగించేటప్పుడు రెక్క మళ్లీ మెలి తిరగొచ్చు. పైనా కిందా ఒకే వేడి, ఒకే రోజు. తర్వాత కోణమాపకంతో చూస్తే 0.2 అలాగే ఉంది.

రెక్క పైన, అడుగున వేర్వేరు నమూనా వేయడం అలంకారం కాదు. 100 మీటర్ల దూరంలో ఏది పైభాగమో తెలియకపోతే మోడల్ మట్టిలో కలుస్తుంది. అడుగున వెడల్పు నల్ల పట్టీలు వేశాం.

*ఫిల్మ్ 88 గ్రా. మొత్తం 1538. గంటలు: 163.*

దశ 7: వివరాలు

ప్రతి వివరానికీ ఒకటే ప్రశ్న: ఎన్ని గ్రాములు, సీజీకి ఎంత దూరంలో.

కనోపీకి 0.75 మి.మీ. పెట్ షీట్ వేడిచేసి దిమ్మ మీదికి లాగాం. మొదటిది బాగా వచ్చింది, చట్రానికి సైనోతో అతికించగానే లోపల తెల్లటి పొగ పట్టింది. అది తుడిస్తే పోదు. రెండోదానికి ఆరాక పారదర్శకమయ్యే కనోపీ జిగురు, రాత్రంతా టేపు. చట్రంతో 46 గ్రా.

పైలట్ బొమ్మ బజారులో దొరికేది 62 గ్రా. థర్మోకోల్ చెక్కి, పల్చటి టిష్యూ, తెల్ల జిగురు పూత, యాక్రిలిక్ రంగులు వేస్తే 17. మూడు మీటర్ల నుంచి తేడా తెలియదు. ఆ మాటకొస్తే ముఖం ఇంకాస్త బాగుండాల్సింది. మీటర్ల పలక ఫోటో కాగితం, మీద కనోపీ ముక్కతో అద్దం: 4 గ్రా. సీటు, బెల్టులు కుట్టుపని రిబ్బనుతో: 10 గ్రా.

అసలు విమానంలో పైలట్ కాళ్ల దగ్గర నేల చూడ్డానికి కింద పారదర్శకపు పలకలుంటాయి. అవి పెట్టాలంటే లోపలి వైర్లు కనబడకుండా సర్దాలి. మొత్తం 2 గ్రాములకి ఇంత నిజం మరెక్కడా రాదు, మానొద్దు.

ఎడమ రెక్క కొసన ఉండే ముక్కోణపు చూపుచట్రం, పైలట్ నిలువునీ 45 డిగ్రీలనీ సరిచూసుకునేది, 1 మి.మీ. కార్బన్ కడ్డీలతో 3 గ్రా. కారులోకి ఎక్కించేటప్పుడు రెండుసార్లు విరిగింది. ఇప్పుడు చిన్న అయస్కాంతాలతో ఊడి వచ్చేలా ఉంది. గాల్లో ఊడుతుందేమోనని చేత్తో గట్టిగా విసిరి చూశాం, నిలిచింది.

కౌలింగ్ స్క్రూ తలలు: సిరంజితో తెల్ల జిగురు ఆవగింజంత చుక్కలు, ఆరాక వెండి రంగు. 4 గ్రా. అవి ముక్కులోనే కాబట్టి ఎన్నైనా పెట్టుకోవచ్చు. తోక మీద గుడ్డ కుట్ల పట్టీలు కూడా వేద్దామనుకున్నాం. 7 గ్రా. వస్తుందని తూచి మానేశాం.

*వివరాలు 86 గ్రా. మొత్తం 1624. లక్ష్యం కంటే 24 ఎక్కువ. చ.డె.మీ.కి 56 గ్రా. గంటలు: 198. సీజీ 92.5.*

దశ 8: గాల్లో

ఎగరేసే ముందు చూసుకున్నవి:

1. ఎయిలరాన్లు పైకి, కిందికి సమానంగా 22 డిగ్రీలు. రెక్క నడిమిదే, రిబ్ సమరూపమే కాబట్టి తేడా ఇవ్వక్కర్లేదు.
2. హింజ్ (కీలు) సందులు అడుగున పారదర్శక టేపుతో మూత. సందు వదిలేస్తే నియంత్రణ మందగిస్తుంది, వేగంలో ఎయిలరాన్ అదిరి సర్వో పళ్లు రాలిపోతాయి.
3. వెనకంచు దగ్గర చేత్తో కదిపితే ఆట అర మి.మీ. లోపు.

మొదటి పరుగులో ఎడమ ఎయిలరాన్‌కి రెండు క్లిక్కుల ట్రిమ్ (రిమోట్‌లో చిన్న సవరణ). అదే ఆ 0.2 డిగ్రీల మెలి.

సీజీ పరీక్ష: 45 డిగ్రీలు ఎక్కుతూ తిరగేసి, ఎలివేటర్ వదిలేయాలి. గీత తిన్నగా సాగి చివర్లో కొంచెం నేల వైపు ఒరిగితే సరి. వెంటనే నేలకి వంగితే ముక్కు బరువు, ఇంకా పైకి పోతే తోక బరువు. మాది గబుక్కున వంగింది. మూడు ఎగురుళ్లలో సీజీని 92.5 నుంచి 97కి, సగటు కార్డ్‌లో 33 శాతానికి తెచ్చాం. బ్యాటరీ 25 మి.మీ. వెనక్కి వచ్చింది. అంటే 5వ దశలో ముందుకి తోసిన 21ని మించి వెనక్కి. ఆ పని వృథా కాదు. తోకలో సర్వోలు ఉండి ఉంటే ఈ పరీక్ష చేయడానికి బ్యాటరీకి చోటే మిగిలేది కాదు.

నైఫ్ ఎడ్జ్‌లో, అంటే రెక్క నిలువుగా పెట్టి రడ్డర్ మీద ఎగిరేటప్పుడు, చక్రాల వైపు లాగుతోంది. నిండు రడ్డర్‌కి ఎలివేటర్ 4 శాతం పైకి కలిపితే సర్దుకుంది.

టైమర్ ఐదున్నర నిమిషాలు. దిగాక ఛార్జర్ 2010 ఎంఏహెచ్ నింపింది, 2600లో అది సురక్షితమే.

14 ఎగురుళ్ల తర్వాత విప్పి చూస్తే: రడ్డర్ తీగలు సాగి 1 మి.మీ. వదులు, క్రింప్ (తీగ కొసని నొక్కి పట్టే గొట్టం) దగ్గర ఒక పోగు తెగింది. కుడి బూటులో ప్లై రేకు కదిలింది. తీగలు 0.6 నుంచి 0.8 మి.మీ.కి మార్చాం. 2 గ్రా. పెరిగింది. సీజీ మళ్లీ తూచాలి.